కొండ ఎక్కలేని మెరుపుకుండ

అనగనగా, గుర్రాలన్నీ ఒక్కమాటగా పని మానేసి పచ్చికబయళ్ళకు వెళ్ళిపోయిన కాలంలో, రథాలను మెరుపే లాగేది. మెరుపును కుండలో పట్టి, మూతి బిగించి, ఇరుసు కింద కట్టేవారు. కుండ నిండుగా ఉంటే రథం ఉరుకుతుంది. ఖాళీ అయిందా, బండరాయే.

ఆ రోజుల్లో పేరిందేవి అనే సారథి ఉండేది. ఆమె తోలితే గాలి వెనకబడి, రొప్పుతూ కూర్చునేది. ఒకసారి తన నీడనే దాటిపోయి, అది వచ్చేదాకా వక్కాకు నములుతూ ఆగిందట. నమ్మనివారు ఆ నీడనే అడగవచ్చు.

ఒకనాటి ఉదయం గద్దకోట నుంచి కబురు వచ్చింది. అక్కడ పేరిందేవి అక్క మైలమకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. పొద్దు వాలేలోగా మంచి మంత్రసాని రాకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు.

అలాంటి కాన్పు చేయగల చేయి ఏడేడు ఊళ్ళలో గంగసాని ఒక్కతెదే. కడుపు తడిమి, బిడ్డకు ఏ పేరు పెడతారో కూడా చెప్పేస్తుందని ప్రతీతి. పేరిందేవి ఆ ముసలామెను రథమెక్కించుకుంది. దారి ముప్పై ఆమడలు. నడుమ మూడు మజిలీలు. చివర నిటారు కొండ.

మొదటిది మార్పిడి మజిలీ. ఉన్న కుండ ఇచ్చి, నిండు కుండ పట్టుకుపోవడమే.

"రెప్ప వేసి తెరువమ్మా, అయిపోతుంది," అన్నాడు మజిలీ కాపరి.

అయిపోయింది. కొత్తగా జాజు పూసిన కుండ, కళ్ళు చెదిరేలా ఉంది. రెండో మజిలీ కనుచూపు మేరలో ఉండగా మూలిగి చచ్చింది.

"ఎవరి పాపమో మన మెడకు చుట్టుకుంది," అంది గంగసాని. ఇద్దరూ మండుటెండలో రథాన్ని తోసుకుంటూ వెళ్ళారు.

రెండోది ధార మజిలీ. అక్కడ మన కుండలోనే మెరుపు పోస్తారు. అన్నం ఉడికేలోగా కుండలో మూడు పాళ్ళు నిండాయి. నాలుగో పాలు మాత్రం చుక్క చుక్కగా పడసాగింది.

"ఇంతటితో బయలుదేరమ్మా. కొండకు ఇది చాలు. చివరి పాలు నిదానంగా పోయాలి," అన్నాడు అక్కడి కాపరి.

"చాలదు. జోరు పెంచు."

"కుండ కాలుతుంది."

"కాలనీ. అక్కడ మా అక్క ఉంది."

జోరు పెంచాడు. కుండ నిండింది. నిండి ఎర్రబడింది. లోపల ఏదో చిటుక్కుమంది. ఆ చప్పుడు పేరిందేవి ఒక్కతే విన్నది.

సమనేల మీద రథం బాగానే ఉరికింది. కొండ మొదట్లో చిన్న గట్టు ఎక్కబోయి వెనక్కి జారింది. మళ్ళీ ఎక్కబోయింది, మళ్ళీ జారింది.

అక్కడే మూడో మజిలీ. అదీ మార్పిడిదే. మేలైన కుండ ఒక్కటే మిగిలి ఉంది. కుండలోకి తొంగిచూడటం బ్రహ్మకైనా తరం కాదు కనుక, ఇచ్చేవారి మాటే ముద్ర.

"మేలు కుండకు మేలు కుండ. అదమ్మా ఇక్కడి కట్టుబాటు. మీది మేలైనదేనా?" అని కాపరి అడిగాడు.

గంగసాని పేరిందేవి మోచేతిని గిల్లింది. "అవునను పిల్లా. ఒక్క మాటే కదా. పొద్దు చూడు."

పొద్దు కొండ భుజం మీద కూర్చుని ఉంది. పేరిందేవి ఇరుసు కింది కుండ వైపు చూసింది. పొద్దున మొదటి మజిలీలో ఎవరో ఇలాగే అవునని ఉంటారు. వారికీ ఎక్కడో ఒక అక్క ఉండే ఉంటుంది.

"కాదయ్యా," అంది. "దీనికి ముందే ఓపిక తక్కువ. పైగా నేనే కాల్చాను. సమనేల మీద పోతుంది. గట్టు కనిపిస్తే చస్తుంది. కొండెక్కేవారికి మాత్రం ఇవ్వకు."

కాపరి తన కుండను తిరిగి అటకెక్కించాడు.

గంగసాని నెత్తిన చేతులు పెట్టుకుంది. "సత్యం చెప్పావు, బాగుంది. ఇక నడు. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో నేను కొండెక్కుతాను, నువ్వు ఆ సత్యాన్ని మోసుకురా."

గద్దకోటలో ఉప్పు దించి వస్తున్న బైరిశెట్టి అనే వర్తకుడు అరుగు మీద అంబలి తాగుతున్నాడు. ముంత కింద పెట్టాడు.

"సమనేల మీద పోతుందన్నావు. నిజమేనా తల్లీ?"

"పోతుంది."

"ఎక్కలేదని నువ్వే చెప్పావు కనుక, పోతుందన్న మాటా నమ్ముతాను. నేను కొండ దిగి వచ్చినవాణ్ణి. దిగేటప్పుడు చక్రాలే తిరిగి తిరిగి నా కుండ నింపాయి. ఇక సముద్రం దాకా నాకు గట్టన్నది లేదు. నాది నువ్వు కట్టుకో, నీది నాకియ్యి."

కుండలు మారాయి. ఆ పైన రథం ఎక్కిన తీరు ఏమని చెప్పేది? మలుపులు పక్కకు జరిగి దారి ఇచ్చాయి. గద్దలు మెడలు పైకెత్తి చూశాయి. మూడో మలుపులో ఊడిన గంగసాని కొప్పు కోట వాకిట్లోగాని ముడిపడలేదు.

సూర్యుడు ఒక కాలు కొండ అవతల పెట్టి, రెండో కాలు ఎత్తబోతుండగా మంత్రసాని గడప దాటింది. తలుపు మూసుకుంది. గాలిని ఓడించిన పేరిందేవి చక్రానికి ఆనుకుని, గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది. లోపల చడీచప్పుడూ లేదు. ఎంతసేపో లేదు.

అప్పుడు ఒక పసి ఏడుపు. దాని వెనకే, నీరసంగా, మైలమ గొంతు: "చెల్లి వచ్చిందా?"

లోపం దాచి ఇచ్చిన కుండ ఎవరినో ఒకరిని నడిదారిలో ముంచుతుంది; లోపం చెప్పి ఇచ్చిన కుండకు తగిన దారి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.