తవుడిచ్చి కొన్న పిల్ల

కాళ్ళు కడుక్కున్నావా? అయితే ఇలా వచ్చి పడుకో. ఆ దుప్పటి తన్నకు. మధ్యలో ప్రశ్నలు వేశావంటే కథ ఆపేస్తాను, ఆ తర్వాత ఎంత బతిమాలినా చెప్పను.

అనగనగా నాగావళి పక్కన ఒక ఊళ్ళో పొద్దు పొడిచింది మొదలు రోకలి చప్పుడే. ఇంటింటా అటుకులు కొట్టేవారు. వడ్లు నానబెట్టి, వేయించి, వేడి తగ్గకముందే రోట్లో పోసి దంచాలి. ఆ ఊళ్ళో సూరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు పైడయ్య. సూరమ్మ రోకలి పట్టిందంటే పాట కూడా మొదలయ్యేది. గొంతు బాగుండేదని అందరూ అనేవారులే. ఇప్పుడేముంది, దగ్గు తప్ప.

సూరమ్మకి మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. అప్పుడు బాగా ఏడ్చింది. ఆ తర్వాత రెండోవాడు పుట్టాడు. పదకొండో రోజున ఉయ్యాల్లో వేద్దామని దూలానికి చీర కట్టి ఉంచారు. వాడు పదో రోజున పోయాడు. అప్పుడు ఏడవలేదు. ఆ చీర విప్పి, మడతపెట్టి, పెట్టెలో పెట్టేసింది. మూడోసారి నెల తప్పేసరికి సంతోషం రాలేదు, భయం వచ్చింది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డ పుడితే, చేటలో తవుడు పోసి, దాని మీద బిడ్డని పడుకోబెట్టి, ఈ పిల్ల మాకొద్దు అని పక్కింటావిడకి ఇచ్చేస్తారు. ఆ తర్వాత మానెడు తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంటారు. పిల్లల్ని ఎత్తుకుపోయే గాలి ఒకటి చూరు కింద కూర్చుని అంతా వింటుందట. ఎవరికీ అక్కర్లేని పిల్లని మనమెందుకు మొయ్యాలి అని అది దాని దారిన పోతుందట. బిడ్డ పుట్టాక ఒక్క పూట ఆడే నాటకం, అంతే.

సూరమ్మకి తెలివి ఎక్కువ. పుట్టేదాకా ఆగడం ఎందుకు, ఆలోపే గాలి వచ్చేస్తే ఏం చెయ్యాలి అనుకుంది. కడుపులో ఉండగానే నాటకం మొదలుపెట్టింది. గాలి విందో లేదో నాకు తెలీదు గానీ, లోపలున్న పిల్ల మాత్రం వింది.

అదేంటంటావా? వింటారమ్మా. లోపల చీకటి, వెచ్చటి నీళ్ళు. కళ్ళకి పనేం ఉండదు, చెవులకే పనంతా. తల్లి గుండె కొట్టుకోవడం వింటారు. రోకలి దెబ్బ వింటారు. తల్లి గొంతు వింటారు. మాటకి అర్థం తెలీదు గానీ, ఆ గొంతు తమని దగ్గరికి పిలుస్తోందో అవతలికి తోస్తోందో తెలుస్తుంది. తల్లి భయపడితే ఆ భయం వాళ్ళకీ పాకుతుంది. ఇదంతా సూరమ్మకి అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదు, మొండిది.

ఆరోనెలలో ఒకరోజు రోకలి ఎత్తుతుంటే లోపల పిల్ల మొదటిసారి తన్నింది. సూరమ్మకి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు చూరు వైపు చూసింది. "పో, నిన్నెవరు రమ్మన్నారు?" అని గట్టిగా అంది. ఆ రోజు నుంచి పాట మానేసింది.

ఆ తర్వాత ఏడోనెల వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు గాజులు వెయ్యడానికి వచ్చారు. ఆ గలగల వినగానే లోపల పిల్ల అటు నుంచి ఇటు దొర్లింది. "దీనికి గాజులొకటా" అని సూరమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. వాళ్ళు తెచ్చిన గాజులు తీసుకుని తిరిగి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎనిమిదోనెలలో పైడయ్య ఉండబట్టలేక కడుపు మీద చెయ్యి వేశాడు. పిల్ల లోపలి నుంచి సరిగ్గా ఆ అరచేతి కింద మడమ ఆనించింది. పైడయ్య నవ్వాడు. సూరమ్మ ఆ చెయ్యి తీసేసింది. "ఆశ పడకు, వినిపిస్తాది" అంది. ఎవరికి వినిపిస్తుందని అతను అడగలేదు.

అలా మూడుసార్లు పిల్ల తలుపు కొట్టింది. మూడుసార్లూ పొమ్మన్నారు. తొమ్మిదోనెలలో కొట్టడం మానేసింది.

ఒక రోజు కదల్లేదు. రెండో రోజూ కదల్లేదు. అప్పుడు మంత్రసాని ఎర్రమ్మని పిలిచారు. ఎర్రమ్మ కడుపు మీద చెవి పెట్టి వింది.

"ఉంది. కానీ ముడుచుకుపోయింది. నోరారా ఒక్కసారి పిలువే, తల్లి గొంతింటే కదుల్తాది" అంది.

సూరమ్మ నోరు తెరిచింది. రా తల్లీ అనాలి. ఆ రెండు మాటలే. అప్పుడు మళ్ళీ చూరు కనిపించింది. పెట్టెలో మడతపెట్టిన చీర గుర్తొచ్చింది. ఇన్ని నెలలు ఆగి, ఇప్పుడు నోరు జారితే గాలి వినేస్తుందేమో అనుకుంది. నోరు మూసుకుని, లేచి, ఖాళీ రోట్లో రోకలి వేసి దంచింది. దంచింది. దంచింది. అప్పుడు పిల్ల కదిలింది.

ఎర్రమ్మ లేచి కొంగు దులుపుకుంది. "రోకలి పిలిస్తే వచ్చిందే నీ బిడ్డ" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులకి ఆడపిల్ల పుట్టింది. చేటలో తవుడు పోశారు, ఎర్రమ్మకి ఇచ్చేశారు, మానెడు తవుడిచ్చి కొనుక్కున్నారు. తవిటమ్మ అని పేరు పెట్టారు. ఆ చీర మళ్ళీ దూలానికి కట్టారు.

ఏంటీ? మీ అమ్మ పేరూ అదేనా? మా వైపు ఆ పేరు వీధికొకరికి ఉంటుందిలే. నోరు మూసుకుని విను.

పిల్ల బతికింది. పాలకి ఏడ్చేది కాదు. ఆకలేస్తే కళ్ళు తెరిచి ఊరికే చూస్తుండేది. ఎంత బుద్ధిమంతురాలో అని ఊరంతా మెచ్చుకుంది. నిద్రొస్తే మాత్రం తల్లి ఒడికి కాదు, పాక్కుంటూ వెళ్ళి రోటి పక్కన పడుకునేది.

ఆ తర్వాత ఐదేళ్ళొచ్చాయి. పాలకొండ నుంచి మేనత్త వచ్చి, "మాతో వచ్చేస్తావేటే?" అని వేళాకోళం ఆడింది. పిల్ల తన రెండు గౌన్లూ మడిచి, సంచిలో పెట్టుకుని, గుమ్మంలో కూర్చుంది. "అత్తా, అమ్మకి చెప్పి రావాలా, అక్కర్లేదా?" అని అడిగింది. మేనత్త నవ్వింది. సూరమ్మకి నవ్వు రాలేదు. ఆ సంచి లాక్కుని గౌన్లు దులిపింది గానీ, వెళ్ళొద్దు అని మాత్రం అనలేదు.

ఎందుకు అనలేదంటావా? ఐదేళ్ళు నిండితే ఇక గాలి జోలికి రాదు, నువ్వు నా పిల్లవని అప్పుడు చెబుదాం అనుకుంది. ఆ తర్వాత ఆటలమ్మ పోసి తగ్గాక చెబుదాం అనుకుంది. ఆ తర్వాత పెద్దమనిషి అయ్యాక అనుకుంది. అప్పటికి గాలి మీద భయం పోయింది. కానీ ఆ మాట నోటికి అలవాటు తప్పింది.

ఆ తర్వాత తవిటమ్మకి పెళ్ళయింది. ఏ పిల్లైనా అత్తారింటికి పోయేటప్పుడు అమ్మని పట్టుకుని ఏడుస్తుంది. తవిటమ్మ ఏడవలేదు. పొరుగింటికి వచ్చిన మనిషిలా సెలవడిగింది. "మరి వెళ్ళనా అమ్మా?" అంది. అప్పుడు సూరమ్మకి తెలిసింది. ఈ పిల్ల తన ఇంట్లో ఇరవై ఏళ్ళూ చుట్టంలాగే ఉంది. బండి మలుపు తిరిగాక రోలు పట్టుకుని ఏడ్చింది. ఎవరు చూడాలి ఆ ఏడుపు?

ఇప్పుడు ఆ తవిటమ్మ రెండో పురుటికి పుట్టింటికొచ్చింది. సూరమ్మ ముసలిదైపోయింది. రోజూ దీపాలు పెట్టే వేళకి కూతురి పక్కన చతికిలబడి, కడుపుకి నోరు ఆనించి చెబుతుంది. "రా తల్లీ. నువ్వు కావాలి మాకు. నీకోసమే చూస్తున్నాం" అని. ఒకసారి కాదు, రెండుసార్లు చెబుతుంది. ఒకటి లోపలున్న బిడ్డకి. రెండోది కూతురికి. రెండోసారి తల ఎత్తి కూతురి మొహం చూస్తూ చెప్పాలని రోజూ అనుకుంటుంది. ఎత్తలేదు.

లోపలున్నది వెంటనే తన్నుతుంది. బయట ఉన్నది మాత్రం, "సరేనమ్మా" అంటుంది. చిన్నప్పటి నుంచీ అన్నిటికీ అదే మాట.

ఏడుస్తున్నానా? లేదులే, కంట్లో తవుడు పడింది. ఆ గదిలో మీ అమ్మ ఇంకా మెలకువగానే ఉన్నట్టుంది, గాజులు వినిపిస్తున్నాయి. విననీ. ఇంత గట్టిగా చెప్పింది నీ ఒక్కదాని కోసమే అనుకున్నావా? కళ్ళు మూసుకో.

తవుడు చేటకి, అటుకులు మూటకి,
ఏరు సంద్రానికి, పిలుపు పొట్టకి,
కథేమో కంచికి, కునుకు నీ కంటికి,
మిగిలిన మాటేమో మీ అమ్మ చెవికి.