ఇప్పచెట్టు కింద 'ఊ'

అనగనగా ఒక అడవి. రాజు లేని అడవి అది. సింహమన్నది ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు, అందుకని ఎవరికీ ఆ దిగులూ లేదు.

రాజు లేడు గానీ, అక్కడ ఒక నల్లబండ ఉండేది. రోజూ పొద్దున్నే ఒక నక్క ఆ బండెక్కి అడవి కబుర్లన్నీ చెప్పేది. ఏ మడుగులో నీళ్ళున్నాయి, ఎక్కడ పండ్లు రాలాయి, ఎవరింట్లో పిల్లలు పుట్టారు, అన్నీ దాని నోటినుంచే రావాలి. మొదట్లో బాగానే చెప్పింది. పోను పోను పీతలు తెచ్చిచ్చిన వాళ్ళ కబురు ముందు చెప్పడం, ఉత్త చేతులతో వచ్చిన వాళ్ళ కబురు మింగేయడం మొదలుపెట్టింది. ఇద్దరు తగవుపడితే ఆ తగవు తీర్చేది కాదు. మర్నాటికి అట్టేపెట్టి, ఇంకాస్త ఎగదోసేది. తగవంటే చూడ్డానికి ఎక్కువమంది వస్తారు కదా, అందుకు.

చిన్న ప్రాణులు ఒక రోజు ఓర్చుకున్నాయి. రెండో రోజూ ఓర్చుకున్నాయి. మూడో రోజు మాట్లాడకుండా లేచి వచ్చేశాయి.

వచ్చి ఏం చేశాయి? ఏడు చెట్లు చూసుకున్నాయి. ఎవరికి దగ్గరగా ఉన్న చెట్టు కింద వాళ్ళు చేరారు. ఒక్కో చెట్టుకి ఒక్కో కొమ్మ, ఆ కొమ్మ మీద కబురు చెప్పే పక్షి ఒకటి. ఈ చెట్టు కబురు ఆ చెట్టుకి, ఆ చెట్టు కబురు ఈ చెట్టుకి. ఎవరి చెట్టు వాళ్ళదే, మాట మాత్రం అందరిదీ. ఒక చెట్టు కింద పొసగకపోతే ఇంకో చెట్టు కిందికి పోవచ్చు, ఎవరూ అడ్డుపడరు. అంత చక్కని ఏర్పాటు ఆ చిన్న ప్రాణులకు ఎవరు నేర్పారో ఆ నారాయణుడికే తెలియాలి.

అందులో ఇప్పచెట్టు ఒకటి. దాని కొమ్మ మీద కబురు చెప్పేది సన్నాయి అనే గోరింక. ఆమెను ఎవరూ పిలిచి కూర్చోబెట్టలేదు. మొదటిరోజు కొమ్మ ఖాళీగా ఉంటే, "పోనీలే, ఈ పూటకి నేను చెబుతాను" అని ఎక్కింది. ఆ పూట ఆరేళ్ళయింది.

సన్నాయి పని చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఏ కబురు వచ్చినా మూడు మాటలు అడిగేది. "ఎవరు చూశారు? ఎక్కడ చూశారు? ఎప్పుడు చూశారు?" మూడింటికీ జవాబు ఉంటేనే కొమ్మ మీదినుంచి చెప్పేది. తిట్లు తెస్తే, "ఇది ఇంటికి తీసుకుపో నాయనా, చల్లారాక తీసుకురా" అని నెమ్మదిగా పంపేసేది. పొద్దున్న చెప్పి, సాయంత్రం చెప్పి, మధ్యలో పక్క చెట్లకు ఎగిరి వచ్చేది.

ఇంకో సంగతి చెప్పాలి. ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. తేనె నిండి, మంచుకి తడిసి, చెట్టు కింద పరుచుకుంటాయి. అందరూ ఆ పూలు ఏరుకు తింటూ కబుర్లు వినేవారు. సన్నాయి ముక్కు మాత్రం మాటలతోనే నిండి ఉండేది. చెప్పడం ముగించి కిందికి దిగేసరికి ఎండిన తొడిమలు మిగిలేవి. ఆరేళ్ళలో మంచు తడి ఆరని పువ్వు ఆమె ఒక్కటీ తినలేదు.

మరి వినేవాళ్ళ పనేమిటి? ఊ కొట్టడం. అంతే. ప్రతి కబురు చివరా చెట్టు కింద అందరూ కలిసి "ఊ" అనాలి. విన్నామని దాని అర్థం.

మా మేనత్త ఈ కథ చెబుతూ సరిగ్గా ఇక్కడ ఆగేది. "ఏం పిల్లలూ, వింటున్నారా?" అనేది. మేము "ఊ" అనేవాళ్ళం. "అయితే గోరింక పేరేమిటి?" అనేది. చెప్పండి చూద్దాం.

సరే. ఇప్పచెట్టు కింద ఉండేవాళ్ళలో చెంగమ్మ అనే కుందేలు, ఒక ముళ్ళపంది మామ, ఒక కొండముచ్చు బావ ముఖ్యులు. వాళ్ళు మంచివాళ్ళే. కానీ నోరు ఊరుకోదు.

"ఏం సన్నాయి వదినా, ఇవాళ కబురు కాస్త ఆలస్యమైందే. రెక్కలు బరువెక్కాయా?" అనేది చెంగమ్మ.

"నేను చెప్పిన హాస్యం చెప్పలేదేం? నీకు అర్థం కాలేదా?" అనేవాడు కొండముచ్చు బావ.

"నా తగవు పంపేశావు. ఆ ఉడుతది మాత్రం రెండుసార్లు చెప్పావు," అనేవాడు ముళ్ళపంది మామ.

సన్నాయి నవ్వి ఊరుకునేది.

చెట్టు మొదట్లో ఒక ముసలి తొండ ఉండేవాడు. ఆయన ఎప్పుడూ ఊ కొట్టేవాడు కాదు. తల మాత్రం ఆడించేవాడు. "ఏం తాతా, నోరు అరిగిపోతుందా ఊ అంటే?" అని అందరూ వేళాకోళం చేసేవారు. తాత దానికీ తల ఆడించేవాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. సన్నాయి గొంతు బొంగురుపోయింది.

ఒక పొద్దున్న ఆమె కబుర్లన్నీ చెప్పి, చివర్న ఇలా చెప్పింది. "తునికిచెట్టు దగ్గర పండ్లు మాగాయి. కింది మడుగు ఎండిపోయింది. నా గొంతు బాగులేదు, సాయంత్రం వంతు ఎవరైనా తీసుకోండి."

"ఊ," అన్నారు అందరూ, పూలు నములుతూ.

సాయంత్రం ఎవరూ రాలేదు. సన్నాయే చెప్పింది.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ చెప్పింది. "మద్దిచెట్టు లేడికి కవలలు పుట్టారు. ఏ చెట్టు కబురు ఎలా అడగాలో, అబద్ధం ఎలా పట్టాలో నాకు ఒక్కదానికే తెలుసు. నేను పడిపోతే మీకు కష్టం. ఎవరైనా రండి, నేర్పుతాను."

"ఊ."

ఎవరూ వెళ్ళలేదు.

మరో వారానికి ఆమె గొంతు పీలగా అయిపోయింది. "ఎగువన వాన పడింది. వాగులో నీళ్ళొస్తున్నాయి. రేపటినుంచి నేను ఉండను. గొంతు బాగయ్యేదాకా కొండమీద సెలయేటి దగ్గర ఉంటాను. కొమ్మ చూసుకోండి."

"ఊ," అన్నారు. కొండముచ్చు బావ అయితే అందరికంటే గట్టిగా, రాగం తీసి మరీ అన్నాడు.

మర్నాడు కొమ్మ ఖాళీ.

"చూశారా, చెప్పాపెట్టకుండా పోయింది," అంది చెంగమ్మ.

"ఒక్కమాట అంటే మేమేమైనా కాదన్నామా?" అన్నాడు ముళ్ళపంది మామ.

"నువ్వెక్కవోయ్ బావా, నీకు కొమ్మలు అలవాటే కదా," అని ఒకరంటే, "నాకు కోతలే వచ్చు, కబుర్లు రావు," అని కొండముచ్చు తప్పుకున్నాడు. ముళ్ళపందికి చెట్టెక్కడం రాదు. చెంగమ్మకి పిల్లల పని. అందరి మాటా నిజమే. కొమ్మ మాత్రం ఖాళీగానే ఉంది.

ఆ పూట మద్దిచెట్టునుంచి వడ్రంగిపిట్ట కబురు తెచ్చింది. ఏడు చెట్లకీ ఒక కట్టుబాటు ఉంది. కొమ్మ మీద ఎవరో ఒకరు కూర్చుని, విన్న మాట తిరిగి అప్పజెప్పాలి. అప్పుడే కబురు చేరినట్టు. మూడు పొద్దులు ఎవరూ అందుకోకపోతే, నాలుగో పొద్దునుంచి ఆ చెట్టుకి కబురు రాదు. ఖాళీ కొమ్మకి ఎన్నాళ్ళని ఎగురుతారు పాపం? వడ్రంగిపిట్ట మూడుసార్లు టకటకా కొట్టింది. కింద అందరూ పూలు ఏరుకుంటున్నారు. అలవాటుగా ఎవరో "ఊ" అన్నారు. పిట్ట కాసేపు చూసి వెళ్ళిపోయింది.

రెండో పొద్దూ అంతే జరిగింది.

ఆ రోజే చెంగమ్మ వాగుకి నీళ్ళకి వెళ్ళింది. దారిలో వేటగాళ్ళు వల పన్ని ఉన్నారు. చెంగమ్మ అందులో చిక్కుకుంది. దేవుడు మేలు చేసి ముళ్ళపంది మామ ఆ దారినే వచ్చి, పళ్ళతో వల కొరికి బయటికి లాగాడు. ప్రాణం దక్కింది గానీ ఎడమచెవి సగానికి చిరిగిపోయింది.

చెంగమ్మ ఏడుస్తూ మద్దిచెట్టు దాకా పోయి వడ్రంగిపిట్టను నిలదీసింది. "వల ఉందని మీ చెట్టుకి తెలుసట. మాకెందుకు చెప్పలేదు?"

"రెండు రోజులనుంచి ఆ ఒక్క మాట చెప్పడానికే వస్తున్నాను తల్లీ," అంది వడ్రంగిపిట్ట. "కొమ్మ మీద ఎవరున్నారు, చెప్పడానికి? రేపు మూడో పొద్దు. రేపు కూడా ఎవరూ లేకపోతే నేనిక రాలేను. మా చెట్టు పని నాకూ ఉంటుంది."

ఆ సాయంత్రం ఇప్పచెట్టు కింద అందరూ చేరారు. ఎలా తెలిసిందో గానీ, నక్క కూడా వచ్చింది. తోక సర్దుకుని కూర్చుంది.

"అయ్యో చెంగమ్మా, చెవి ఎంత అందంగా ఉండేదీ," అంది. "నేను ముందే అనుకున్నాను. పిట్టలు నడిపే ఏర్పాటు ఎన్నాళ్ళు నిలుస్తుంది? నా బండ అలాగే ఉంది. అక్కడ వంతుల్లేవు, నేర్చుకోవడాల్లేవు. నేను చెబుతాను, మీరు ఊ కొట్టండి. అంతకంటే మీరు చేసేదేముంది ఇక్కడ మాత్రం?"

ఆ ఆఖరి మాట అందరికీ గుచ్చుకుంది. నిజం కాబట్టి.

రెండు అడవిపందుల కుటుంబాలు లేచి నల్లబండ వైపు నడిచాయి. వాళ్ళనీ తప్పుపట్టలేం, పిల్లలు గలవాళ్ళు. మిగిలినవాళ్ళూ లేవబోయారు.

"ఆ సన్నాయి ఒక్కమాట చెప్పి పోయుంటే..." అంది చెంగమ్మ.

అప్పుడు చెట్టు మొదట్లోంచి ఒక సన్నని గొంతు వినబడింది.

"చెప్పింది," అన్నాడు తొండ తాత.

అందరూ తిరిగి చూశారు. తాత మాట్లాడగలడని వాళ్ళకి అప్పుడే తెలిసింది.

"ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పింది. 'నా గొంతు బాగులేదు, సాయంత్రం వంతు ఎవరైనా తీసుకోండి' అంది. మీరు ఊ అన్నారు. 'ఎవరైనా రండి, నేర్పుతాను' అంది. ఊ అన్నారు. 'రేపటినుంచి నేను ఉండను, కొమ్మ చూసుకోండి' అంది. దానికీ ఊ అన్నారు. బావ రాగం కూడా తీశాడు."

కొండముచ్చు తల వంచుకున్నాడు. చెట్టు కింద ఒక్కరూ ఊ అనలేదు.

"మరి నువ్వు విన్నావు కదా తాతా, నువ్వేం చేశావు?" అన్నాడు ముళ్ళపంది మామ.

"తల ఆడించాను," అన్నాడు తాత. "నా తప్పూ అంతే ఉంది. ఆమె ఆరేళ్ళు చెప్పిన ప్రతి మాటా నాకు గుర్తుంది. కబురు ఎలా అడగాలో తెలుసు. కానీ నా గొంతు ఈ వేరు దాటదు."

నక్క ఇంకా కూర్చునే ఉంది. "తెల్లారితే మూడో పొద్దు," అని గుర్తుచేసింది తియ్యగా.

కొండముచ్చు బావ లేచాడు. తాతను అరచేతిలోకి తీసుకుని, భుజం మీద కూర్చోబెట్టుకుని, సన్నాయి కొమ్మ ఎక్కాడు. నక్క తోక దులుపుకుని వెళ్ళిపోయింది.

తెల్లవారింది. వడ్రంగిపిట్ట వచ్చి కబురు చెప్పింది. "వాగు దారిలో మూడు వలలు. గుట్ట దారి మంచిది."

కొండముచ్చు తొందరపడి "వాగు దారి మంచిది, గుట్ట మీద..." అని మొదలుపెట్టాడు.

"ఒరేయ్, అందరినీ వలలోకి తోస్తావా?" అని చెవిలో అన్నాడు తాత. "ఎవరు చూశారో అడుగు ముందు."

బావ అడిగాడు. తడబడుతూ, మూడోసారికి సరిగ్గా అప్పజెప్పాడు. వడ్రంగిపిట్ట నవ్వాపుకుంటూ, "చేరింది," అని ఎగిరిపోయింది.

ఆ రోజునుంచి వంతులు పెట్టుకున్నారు. చెట్టెక్కలేని వాళ్ళు చెట్టు కింద తగవులు చల్లార్చే పని తీసుకున్నారు. ముళ్ళపంది ముళ్ళు విదిలిస్తే సగం తగవులు అక్కడే ఆగిపోయేవి. చెంగమ్మ ఒకటిన్నర చెవితోనే దూరంనుంచి వచ్చే పిలుపు ముందుగా పట్టేది. ఊ కొట్టడం మానేశారు. దాని బదులు ఎవరో ఒకరు లేచి, విన్న మాట తిరిగి చెప్పేవారు. ఏ పూట చెప్పే వంతు ఎవరిదైతే, వాళ్ళకోసం మోదుగాకు డొప్పలో తడి పూలు ముందుగా తీసి ఉంచేవారు.

అన్నీ సవ్యంగా జరిగాయా అంటే, లేదు. కబుర్లు ఆలస్యమయ్యాయి. ఒకసారి బావ తన హాస్యం చెప్పుకుంటూ అసలు కబురు మరిచిపోయాడు. అప్పుడుగానీ వాళ్ళకి సన్నాయి విలువ తెలియలేదు. ఒక్క పిట్ట, ఆరేళ్ళు, ఒక్క పూట తప్పకుండా.

చెంగమ్మ పూల డొప్ప నోట కరుచుకుని కొండెక్కింది. సెలయేటి పక్కన సన్నాయి కూర్చుని ఉంది. చెంగమ్మ డొప్ప కింద పెట్టింది.

"చెవికేమైంది వదినా?" అంది సన్నాయి.

"సరిగ్గా వినలేదు. అందుకు," అంది చెంగమ్మ.

పన్నెండు రోజులకి సన్నాయి దిగి వచ్చింది. గొంతు సగమే తిరిగొచ్చింది. దూరంనుంచే కొండముచ్చు గరగర గొంతు వినబడింది. "ఎవరు చూశారు? ఎక్కడ చూశారు? ఎప్పుడు చూశారు?" ఆ మూడు మాటలూ వినగానే ఆమె కళ్ళు చెమర్చాయి.

కొమ్మ మీదికి రమ్మని అందరూ పిలిచారు. "నా వంతు వచ్చినప్పుడు వస్తాను," అని ఆమె కింద, వినేవాళ్ళ మధ్య కూర్చుంది. మంచు తడి ఆరని ఇప్పపువ్వు ఒకటి తీసుకుని తింది. అంత తియ్యగా ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

కబుర్లు ముగిశాయి. కొండముచ్చు బావ కిందికి చూసి, "నాకు రేపు కాలునొప్పి చూపించుకునే పని ఉంది. వంతు ఎవరు తీసుకుంటారు?" అని అడిగాడు.



"నేను," అన్నాడు చెట్టెక్కడం రాని ముళ్ళపంది మామ. "కింది కొమ్మ ఒకటి నేలకి వంగే ఉందిగా."

నీతి: మనకోసం ఒకరు ఇష్టంగా మోస్తున్న పనికి మనం ఊ కొట్టి ఊరుకుంటే అది ఒకనాడు ఆగిపోతుంది, "నేను" అని ఒక్కరు లేస్తే అది నిలుస్తుంది.