వేళ్లు కనపడే ఫోను

ఎవరైనా ప్రశ్న అడిగితే నిత్యబోధస్వామి ముందు చెప్పులు వేసుకుని తనతో నడవమనేవారు. జవాబు కోసం పద్మాసనం వేసుకుని కూర్చున్నవాళ్లు ఉసూరుమంటూ లేవాల్సి వచ్చేది. ఆ సాయంత్రం కామేశం వంతు వచ్చింది.

"ఇంతమంది గురువులున్నారు కదా స్వామీ! ఎవరి దగ్గర ఉండిపోవాలో ఎలా తెలుస్తుంది?"

పాపం, ఊరికే అడగలేదు. పొరుగు జిల్లాలో ఒక మహాస్వామి ఉన్నారు. వేల జనం, పూల రథం, నిండు చంద్రుడిలాంటి ముఖం. నాలుగైదుసార్లు వెళ్లి చూసొచ్చాడు. కామేశం మనసు ఎప్పుడో మూట సర్దుకుని అక్కడికి వెళ్లిపోయింది. ఈ గురువును వదిలి వెళ్లడానికి మాత్రం కాళ్లు రావడం లేదు.

"చెప్పులు వేసుకో" అన్నారు స్వామి.

బజారు మధ్యలో వాన పట్టుకుంది. ఇద్దరూ ఒక సెల్‌ఫోన్ల దుకాణం చూరు కింద ఆగారు. రోడ్డు మీది నీళ్లలో దీపాల రంగులు మెల్లగా కదులుతున్నాయి. ఊరు ఊరంతా ఎవరి కలలోనో ఉన్నట్టుంది. పక్కనే ఒక అమ్మాయి దుకాణం అద్దానికి వీపు ఆనించి, తన ఫోనులోకి కళ్లార్పకుండా చూస్తోంది. ఏమిటమ్మా అని కామేశం పలకరించాడు.

"లోపలున్నది మా అక్క వరహాలండి. అక్కకి వినపడదు, మాట రాదు, చదువూ లేదు. మాకు చేతులే మాటలండి. రేపు నేను వైజాగు పనిలోకెళ్లిపోతున్నా. ఇంక మాట్లాడుకోవాలంటే ఫోనులో చూసుకోవడమే. అక్కకి ఏది కొనాలో తెలవట్లేదండి."

దుకాణదారు బాగా ఖరీదైన ఫోను తీసి, అందులోంచి చెల్లెలికి వీడియో కాల్ కలిపి వరహాలు ముందు నిలబెట్టాడు. ఇవతల చెల్లెలి ఫోనులో వరహాలు ముఖం వెన్నెల్లా వెలిగింది. బుగ్గ మీది మచ్చ కూడా మాయమైంది.

"అబ్బ! ఇదే కొనెయ్యండమ్మా" అన్నాడు కామేశం.

"మొహం బాగుందండి. ఏమంటోందో తెలవట్లేదు."

అప్పుడు చూశాడు కామేశం. వరహాలు గబగబా చేతులు తిప్పుతుంటే, వేళ్లన్నీ కలిసిపోయి పొగలా కనిపిస్తున్నాయి. చెల్లెలు వెనక్కి తిరిగి, అద్దంలోంచి అడ్డంగా తలూపింది. ఇంకో ఫోను, మరో ఫోను. తలూపినప్పుడల్లా వరహాలు కళ్లలో బెంగ పెరిగింది.

చివరికి దుకాణదారు విసుగ్గా ఒక మామూలు ఫోను తెచ్చి పెట్టాడు. అందులో రంగులు వెలవెలబోయాయి. ముఖం నల్లబడింది. వేళ్లు మాత్రం దేనికది విడివిడిగా కనిపించాయి. వరహాలు చెయ్యి నోటి దాకా వెళ్లి, చెల్లెలి వైపు చాపి, ప్రశ్నలా ఆగింది. అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది.

"ఏమందమ్మా?"

"అక్కడ నీకు అన్నం ఎవరు పెడతారంటోందండి."

మధ్యలో అద్దమే ఉన్నా, ఆ అక్కచెల్లెళ్లు ఫోన్లలోనే మాట్లాడుకున్నారు. వాన చప్పుడులో నాలుగు చేతులు ఎంతోసేపు కదిలాయి. కామేశం తన ప్రశ్న సంగతే మరిచిపోయి చూశాడు.

వాన వెలిసింది. స్వామి కండువా పిండుకుని నడవసాగారు. కొంతదూరం వెళ్లాక కామేశం నసిగాడు.

"మరి నా ప్రశ్న, స్వామీ?"

"అక్కడికి వెళ్లొచ్చినప్పుడల్లా ఆయన ముఖం గురించి చెప్పావు నాయనా. ఆయన నీకేం చెప్పారో, ఆయనకు నువ్వేం చెప్పుకున్నావో ఒక్కసారీ చెప్పలేదు."