మొదటి గుత్తి

మద్దిలేటి తండ్రి తాగుడుతోనే పోయాడు. అందుకని మద్దిలేటి సారా వాసన వచ్చే వీధిలో కూడా నడిచేవాడు కాదు. అది మంచిదే. కానీ రానురాను ఆ మంచితనం మీద వాడికి మోజు పుట్టింది. తనంత శుద్ధమైనవాడు ఇంకొకడు లేడనుకునేవాడు.

వాడి గురువు మౌలాలి తాత ఒక ఫకీరు. తాతకు గురువైన ఆయన సమాధి దగ్గర ఏటా ఉరుసుకి గంధం ఊరేగింపు తీస్తారు. అంతదూరమూ తాత సైకిలు మీదే పోతాడు. తెల్లవారకముందే బయలుదేరితే పొద్దుగూకే వేళకి, సరిగ్గా గంధం ఎత్తేటప్పటికి చేరతాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఆ ఏడు మద్దిలేటిని వెంట తీసుకుపోయాడు.

దారంతా ద్రాక్షతోటలే. ఆ కాయ అంతా వైన్ ఫ్యాక్టరీకి పోతుందని తెలిసిన దగ్గర్నుంచీ మద్దిలేటి ముఖం ముడుచుకుని తొక్కుతున్నాడు.

"ఇంకో దారి లేదా తాతా?"

"ఉంది. అదీ తోటల్లోంచే."

ఈ తోటలు తొందరగా దాటాలని మద్దిలేటి తాతని వదిలి ముందు పోయాడు.

ఒకచోట ఆ పొద్దే కోత మొదలుపెడుతున్నారు. ఆ పక్క ఒక ఆనవాయితీ ఉంది. మొదటి గుత్తి కోసినామె దాన్ని దారిన వచ్చే మొదటి మనిషికి ఇవ్వాలి. ఆ మనిషి తిన్నాకే మిగతావాళ్లు కత్తెర పెడతారు.

"సుంకమ్మా, ఎవురో వస్తాండారు, పో!" అని మేస్త్రీ కేకేశాడు. ఆమె గుత్తిని రెండు చేతుల్లో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది.

"వద్దక్కా," అన్నాడు మద్దిలేటి.

"శకునం నాయనా. ఒక్క పండు నోట్లో వేసుకో, చాలు."

"తాగుడుకి పోయే కాయ నేను ముట్టను. ఇది పంచడానికి నీకు సిగ్గులేదా?" అని చేత్తో తోసేశాడు. గుత్తి మట్టిలో పడింది.

పందిరి కింద ఆడవాళ్లు నవ్వారు. "అబ్బో సామీ! పండు తింటేనే మత్తెక్కుతాదా నీకు?"

సుంకమ్మ నవ్వలేదు.

తోటలు దాటాక ఒక ఊళ్లో చెట్టు కింద మద్దిలేటి ఆగాడు. చాలాసేపటికి తాత వచ్చాడు.

"ఏంది తాతా ఇంత ఆలస్యం? గంధం అందుకోవద్దా?"

తాత నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు. "ఒకామె రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తోంది రా. ఆమె చేయి మంచిది కాదని కత్తెర లాగేసుకున్నారు. ఈ కోతకి ఆమెకింక పనిలేదంట."

"ఆ పండు నువ్వు తినకపోయినావా?" అన్నాడు మద్దిలేటి.

"తింటానన్నా. కాదన్నవాడే వచ్చి తింటే గానీ ఆమె కత్తెర ఆమెకి ఇయ్యరంట."

మద్దిలేటి పొద్దు వైపు చూశాడు. "ఇప్పుడు వెనక్కి పోతే గంధం దాటిపోతుంది కదా తాతా. రేపు వచ్చేటప్పుడు..."

తాత సైకిలు వెనక్కి తిప్పాడు.

ఎదురుగాలి. కాస్త దూరం పోయేసరికి తాతకి ఆయాసం వచ్చింది. "నువ్వు పోరా, నేను వస్తా," అన్నాడు. మద్దిలేటి ప్రాణం పెట్టి తొక్కాడు.

తోటలో కాయ లారీకి ఎత్తుతున్నారు.

"సుంకమ్మక్క ఏది?"

"పంపించేసినాం," అన్నాడు మేస్త్రీ. "ఇంకొకామెతో కోయించి, దారిన వచ్చిన పాలాయనకి తినిపించినాంలే."

"ఆమెది ఏ ఊరు?"

"కొండల అవతల ఎక్కడో. కోతకి వస్తారు, పోతారు. ఎవురికి తెలుసు?"

"నేను తింటాను. ఆమె కత్తెర ఆమెకి ఇచ్చెయ్యి."

"ఎవురికిచ్చేది సామీ?" అని మేస్త్రీ తన పనిలో పడ్డాడు.

మద్దిలేటి అక్కడున్న క్రేటులోంచి ఒక గుత్తి తీసుకుని నిలబడే తిన్నాడు. వాడి వైపు ఎవరూ చూడలేదు.

తాత వచ్చేసరికి పొద్దుగూకింది. అక్కడ ఆ వేళకి గంధం ఎత్తి ఉంటారు. తాత ఆ దిక్కుకి ఒకసారి చూసి, రోడ్డు పక్కన మెల్లగా కూర్చున్నాడు.

మద్దిలేటి ఆయన పక్కన కూలబడ్డాడు. "తాతా, నన్ను మన్నించమని దేవుణ్ణి అడుగుతాను."

"అడుగు," అన్నాడు తాత. "కానీ ఆయన్ని నువ్వేమన్నావు రా?"