చర్చలో ఉన్న పల్లకీ

ఒకానొక రాజ్యంలో (పేరు అడక్కండి, చెబితే మా ఊరి మీదే రాశావని నలుగురు తగువుకొస్తారు) మహోదగ్రవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయనకు తెలియనిది లేదు. పొరపాటున ఏదైనా తెలియకపోతే, అది తెలుసుకోదగ్గ విషయం కాదని చాటింపు వేయించేవాడు.

ఒకసారి ఆయన పొరుగు దేశం వెళ్ళి, అక్కడి బడిలో పిల్లలు గుంపులుగా కూర్చుని చర్చించుకోవడం గుమ్మంలోంచి చూశాడు. లోపలికి వెళ్ళి ఏం చర్చిస్తున్నారో అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. మహారాజులు అడగరు కదా. తిరిగి రాగానే ఆజ్ఞ వేశాడు.

"రేపటి నుంచి మన బడిలో వల్లెవేతలు ఉండరాదు. పిల్లలు గుంపులుగా కూర్చుని చర్చించాలి."

"దేని గురించి ప్రభూ?" అన్నాడో ముసలి పంతులు.

"చర్చించమన్నాను కదా," అన్నాడు రాజు. ఆ పంతులుకు ఆ సాయంత్రమే శాశ్వత విశ్రాంతి ప్రసాదించి ఇంటికి పంపారు. మరెవరూ ఆ ప్రశ్న వేయలేదు.

అప్పుడప్పుడూ రాజు బడి గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గేవాడు. ఎంత గోల వినిపిస్తే అంత చదువు సాగుతున్నట్టు. పెద్ద పంతులు భూషణయ్య ఈ కిటుకు ఇట్టే పట్టేశాడు. ఆయన తరగతిలో పిల్లలు వాన గురించి మొదలుపెట్టి, కప్పల మీదుగా సాగి, ఎవరి ఊరగాయ ఎవరు తిన్నారన్న చోట జుట్లు పట్టుకునేవారు. అది విని రాజు పరవశించి తల ఊపేవాడు. భూషణయ్య నిశ్చింతగా ఓ కునుకు తీసేవాడు.

పక్క తరగతి మల్లసాని అనే పంతులమ్మది. ఆవిడ పిల్లలకు ముందే చెప్పేది. "ఏటి రేవులో తెప్ప ప్రతి వరదకూ కొట్టుకుపోతోంది. మోకు ఎక్కడ కడితే నిలుస్తుందో గంట మోగేలోగా ప్రతి గుంపూ తేల్చి చెప్పాలి. ఊరికే చెబితే చాలదు, అక్కడే ఎందుకో కూడా చెప్పాలి. గుంపులో ఒకరు మాత్రం తప్పులు పట్టడానికే కూర్చోవాలి."

పిల్లలు ఇసుకలో ఏరు గీసుకుని, తలలు దగ్గరపెట్టి, గుసగుసగా వాదించుకునేవారు. ఒకరోజు సరిగ్గా అందరూ గడ్డం కింద చేయి పెట్టుకుని ఆలోచిస్తున్న సమయంలో రాజు దయచేశాడు.

"ఇదేం చర్చ? చచ్చినవాళ్ళింట్లో కూడా ఇంతకన్నా సందడి ఉంటుంది," అన్నాడు.

"ఆలోచిస్తున్నారు ప్రభూ," అంది మల్లసాని.

"ఆలోచనలు ఇంటి దగ్గర చేసుకోవచ్చు. వసంత పంచమి నాడు బడిలో సరస్వతీ పూజ ఉంది కదా. ఆ సభలో భూషణయ్యకు పట్టుశాలువా కప్పుతాను. నీ కొలువు తీసేస్తాను. అంతవరకూ చెప్పుకో నీ పాఠాలు."

ఈ మాటలు రాజు వెనకే ఉన్న మాచన విన్నాడు. మాచన ఆస్థానంలో విదూషకుడు. పల్లకీ పక్కన నడవడం కూడా ఆయన పనే. రాజు కదిలిపోయాక ఆయన మల్లసాని దగ్గర ఆగాడు.

"ఏమ్మా, భయంగా ఉందా?"

"కొలువు పోతుందని బాధే బాబాయిగారూ, లేదని ఎలా అంటాను? కానీ నేను పోతే ఈ పిల్లలు కూడా ఊరగాయ దగ్గరికే చేరుకుంటారు. నాకు దుఃఖమొస్తోంది అందుకే," అంది. ఆవిడ కళ్ళు నిజంగానే చెమర్చాయి. మాచన గబగబా రాజు వెనకే వెళ్ళిపోయాడు.

వసంత పంచమి వచ్చింది. ఇక్కడ ఆ రాజ్యపు ఆచారం ఒకటి చెప్పాలి. పల్లకీ ఎక్కాక రాజు బోయీలతో మాట్లాడడు. మాట్లాడితే ఘనత తగ్గుతుందట. ఎక్కడికి పోవాలో మాచన చేతే చెప్పించాలి. గమ్యం చేరి శంఖం ఊదేదాకా తెర తీయకూడదు. ఈ ఆచారం పెట్టింది కూడా మహోదగ్రవర్మే.

"మాచనా, బోయీలకు చెప్పు," అని రాజు తెర దించుకున్నాడు.

మాచన బోయీల దగ్గరికి వెళ్ళాడు. "ఏలినవారి చర్చాజ్ఞ ఇవాళ మీకూ వర్తిస్తుంది. మోస్తూ చర్చించండి. గొంతు మాత్రం తగ్గకూడదు. మీకేం భయం లేదు, పూచీ నాది."

"యాడికి పోవాల సామీ?" అన్నాడు ముందు కొమ్ము పట్టిన పోలయ్య.

"ఆ ప్రశ్న అడిగిన పంతులు ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు," అన్నాడు మాచన.

పల్లకీ లేచింది. పోలయ్య సంతకు పోదామన్నాడు. వెనక కొమ్మువాడు ఏటికన్నాడు. నడిమివాడికి అత్తగారి ఊరు గుర్తొచ్చింది. ముందువాళ్ళు తూర్పుకు లాగితే వెనకవాళ్ళు పడమరకు లాగారు. చర్చ మహా జోరుగా సాగింది. లోపల రాజు మొదట్లో మురిసిపోయాడు. తన పాలనలో బోయీలకు కూడా పాండిత్యం అబ్బిందనుకున్నాడు.

కొంతసేపటికి ఏనుగుల సాల వాసన వచ్చింది. తర్వాత ఎండుచేపల వాసన వచ్చింది. మళ్ళీ ఏనుగుల సాల వాసనే వచ్చింది. కిరీటం ఎగిరి ఒళ్ళో పడింది.

"మాచనా, ఎక్కడున్నాం?" అన్నాడు రాజు తెర లోంచి.

"చర్చలో ఉన్నాం ప్రభూ."

"అది కాదు. ఎక్కడికి పోతున్నాం?"

"ఆ సంగతి వీళ్ళకు ఎవరూ చెప్పలేదు ప్రభూ. అయినా చర్చ అద్భుతంగా ఉంది. తమరికి వినబడుతోంది కదా?"

"ముహూర్తం దాటిపోతోంది. ఎక్కడికో వాళ్ళకు చెప్పి తగలడు."

"చెప్పేస్తాను. కానీ చెబితే గొంతులు తగ్గిపోతాయి, నడక మొదలవుతుంది. తమరు చచ్చినవాళ్ళిల్లు అంటారేమోనని భయం."

పల్లకీ మరోసారి ఎండుచేపల అంగళ్ళ ముందుకు వచ్చింది. అప్పుడు రాజు గొంతు మెల్లగా వినిపించింది. "బడికి. పూజ గంట మోగేలోగా."

మాచన ఆ మాట చెప్పాడు. బోయీలు ఒక్కసారి తలలు దగ్గరపెట్టి, ఏ సందులోంచి పోతే దగ్గరో గుసగుసగా తేల్చుకున్నారు. ఆపైన కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో పల్లకీ తిన్నగా సాగిపోతుంటే, రాజు కిరీటం చేత్తో పట్టుకుని వింటూ కూర్చున్నాడు.

ఎంత పరుగెత్తినా, బడి చేరేసరికి గంట మోగి చాలాసేపైంది. భూషణయ్య తరగతిలో పిల్లలు రాజుగారు ఎందుకు రాలేదో చర్చించడం మొదలుపెట్టి ఊరగాయ దాకా వచ్చేశారు. మల్లసాని తరగతి పిల్లలు చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డారు.

"వీళ్ళకు ఇవాళ చర్చ లేదా?" అన్నాడు రాజు.

"అయిపోయింది ప్రభూ," అంది మల్లసాని. "ముఖ్య అతిథి వేళకు రాకపోతే పూజ ఎలా ముగించాలో గంట మోగేలోగా తేల్చమన్నాను. హారతి ఇచ్చి ప్రసాదం పంచేయమన్నారు."

"పంచేశారా?"

"పంచేశాం ప్రభూ. చక్కెర పొంగలి. మిగల్లేదు."

ఆకలితో, ఎండుచేపల వాసనతో, వంకర కిరీటంతో నిలబడ్డ మహోదగ్రవర్మ మొదట ముక్కు ఎగబీల్చాడు. తర్వాత మాచన వైపు చూశాడు. ఇక ఆపుకోలేక, పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు.

పట్టుశాలువా మల్లసాని భుజాల మీద పడింది. మోకు ఎక్కడ కట్టాలని పిల్లలు తేల్చారో అక్కడే కట్టమని రేవుకు ఆజ్ఞ వెళ్ళింది. భూషణయ్యకు ముసలి పంతులు దగ్గర శిష్యరికం దొరికింది.

"మాచనా, నీకూ బహుమానం ఇవ్వాలి," అన్నాడు రాజు. "ఏమివ్వాలో మంత్రులందరూ చర్చిస్తారు."

మాచన గభాలున కాళ్ళ మీద పడ్డాడు. "ప్రభూ, ఏం తేల్చాలో, ఎప్పటిలోగా తేల్చాలో ముందే చెప్పి పంపండి. లేకపోతే ఆ బహుమానం నా మనవడి తద్దినానికి కూడా అందదు."

రాజు మళ్ళీ నవ్వి, మంత్రులకేసి ఒకసారి చూసి, తన చేతి కంకణం అక్కడికక్కడే తీసి మాచన చేతికి తొడిగాడు.