ఎవరూ దిగని మంచె

పొన్నవాడ రాజ్యాన్ని ఒకప్పుడు రణధీరుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు గానీ బిరుదుల పిచ్చి ఒకటి ఉండేది. కొలువు తీరగానే వందిమాగధులు ఆయన ఇరవై మూడు బిరుదులూ చదవాలి. మధ్యలో ఎవరైనా దగ్గితే మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే. అందుకని జలుబు చేసినవాళ్లు కొలువు ఛాయలకే వచ్చేవారు కాదు.

ఆ రాజ్యం నడుమ బొల్లేరు పారేది. ఇవతల రాజధాని, మాగాణి, సంతలు. అవతల గట్టుసీమ. జొన్నా కొర్రా తప్ప పండని నేల. వానాకాలం నాలుగు నెలలూ ఏరు పొంగితే ఆ సీమవాళ్లకు లోకం ఒడ్డు దగ్గరే ఆగిపోయేది.

ఒక ఏడు ఖజానాలో ధనం మిగిలింది. దానితో ఏం కట్టించాలో చెప్పమని రాజు సభలో అడిగాడు. వేసవి కావడంతో ఏరు ఎండి ఉంది. గట్టుసీమ నుంచి లింగమ్మ అనే ఆవిడ ఇసుకలో నడిచి వచ్చి కొలువులో నిలబడింది.

"మాకో వంతెన కట్టించు దొరా," అంది. "పోయిన వానల్లో మా ఇంటాయన్ని పాము కరిసింది. ఏటి ఒడ్డుకి మోసుకొచ్చినాం. అవతల వైద్దుడి ఇంటి పొగ కనపడతానే ఉండాది. ఏరు దిగనియ్యలా. మద్దేనానికి నా ఒళ్లోనే పానం పోయింది."

అప్పుడు మంత్రి సోమయామాత్యుడు గొంతు సవరించుకోబోయి, బిరుదుల సంగతి గుర్తొచ్చి మానుకున్నాడు.

"ప్రభూ, పోయిన శ్రావణంలో నేనే రేవు దగ్గర మూడు రోజులు భటులను కాపలా పెట్టించాను. ఒక్క మనిషి కూడా ఏరు దాటలేదు. ఎవరూ దాటని చోట వంతెన ఎవరికోసం? ఇక్కడ మన కోట కాలువ మీద రెండు వంతెనలూ జనంతో కిక్కిరిసి ఉంటున్నాయి. మూడోది అక్కడే కట్టించడం న్యాయం."

రాజుకు ఆ మాట బ్రహ్మాండంగా నచ్చింది. సభ కూడా తలలూపింది. నిండు ఏట్లో ఎవరూ దాటలేదని వంతెన అక్కర్లేదన్న ఆ బుర్రకు నేనైతే దూరం నుంచే దణ్ణం పెడతాను. లింగమ్మకు ఏం జరిగిందో అర్థం కాలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని బయటికి నడిచింది.

ఆస్థాన విదూషకుడు దేచన గబగబా వెళ్లి ఆమెను అందుకున్నాడు. "ఏరువాక పున్నమి దాకా ఊళ్లోనే ఉండమ్మా. మా ఇంట్లో ఉండు," అన్నాడు.

ఏరువాకనాడు ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజు, మంత్రి అలంకరించిన ఎత్తయిన మంచె ఎక్కి, దొరవారి చేలో తొలి దుక్కి చూస్తారు. చాళ్లు పూర్తయ్యాక రాజు దిగివచ్చి ఎడ్లకు తన చేత్తో పులగం పెడతాడు. ఆ తరువాతే ఎవరైనా మెతుకు ముట్టాలి. ఆ ఏడు ఏర్పాట్లన్నీ దేచన అడిగి మరీ తన నెత్తిన వేసుకున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. దుక్కి అయిపోయింది. పులగం ఘుమఘుమ మంచె దాకా పాకింది. రాజు లేచి, దిగడానికి కాలు కిందికి చాపి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. నిచ్చెన లేదు.

"దేచనా, నిచ్చెన ఏదయ్యా?"

దేచన కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తీయించేశాను ప్రభూ. తమరు ఎక్కిన దగ్గర్నుంచి ఇద్దరు భటులను కాపలా పెట్టించాను. పొద్దుటినుంచీ మంచె మీదనుంచి ఒక్కరూ దిగలేదు. ఎవరూ దిగని చోట నిచ్చెన ఎవరికోసం?"

"ఇప్పుడు ఎక్కడుంది అది?"

"అదుగో, గడ్డివాము దగ్గర. అక్కడ రెండు నిచ్చెనలూ ఎక్కేవాళ్లతో దిగేవాళ్లతో కిక్కిరిసి ఉన్నాయి. మూడోది అక్కడే వేయించడం న్యాయమనిపించింది."

మంత్రికి ఒళ్లు మండింది. "మహారాజు పైన ఉన్నారని తెలుసు కదా. దిగాల్సి వస్తుందని తెలియదా నీకు?"

"ఏటి అవతల మనుషులున్నారని తమకు తెలిసినంత బాగానే తెలుసు మంత్రిగారూ," అన్నాడు దేచన నెమ్మదిగా.

కింద ఎడ్లు మెడగంటలు ఆడిస్తున్నాయి. రైతులు ఆకలితో మంచె వైపే చూస్తున్నారు. రాజు మంత్రి వైపు తిరిగాడు.

"అయితే మీరు దూకండి అమాత్యా. ఒకరు దిగినట్టు భటులు చూస్తారు. నిచ్చెన వస్తుంది."

సోమయామాత్యుడు కిందికి తొంగిచూశాడు. రెండు నిలువుల లోతు. మంచె గుంజను రెండు చేతులా కావలించుకున్నాడు. "దూకితే నడుం విరుగుతుంది ప్రభూ."

"అందుకే కాబోలు వాళ్లూ దూకలేదు," అన్నాడు రాజు.

అన్నాక తన మాట తనకే వినిపించింది. జనంలో లింగమ్మ కనిపించింది. ఆమె ముఖం వైపు చాలాసేపు చూడలేకపోయాడు. తరువాత మంత్రినీ, ఆయన కావలించుకున్న గుంజనూ చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. మంచె ఊగింది. "నిచ్చెన వేయించు దేచనా. ఖజానాలో మిగిలినదంతా బొల్లేటి వంతెనకే," అన్నాడు.

మరుసటి వానలకు వంతెన లేచింది. ప్రారంభం రోజున కింద ఏరు ఎర్రగా హోరెత్తుతోంది. వందిమాగధులు బిరుదులు అందుకున్నారు. తొమ్మిదో బిరుదు దగ్గర లింగమ్మ ఇక ఆగలేక అవతలి ఒడ్డు నుంచి నడిచి వచ్చేసింది. నేరుగా వైద్యుడి గుమ్మం దాకా వెళ్లి, గడప ముట్టుకుని, వెనక్కి తిరిగి చూసింది.

"ఇంతేనా దూరం," అంది.

వందిమాగధులు తడబడి మొదటినుంచి ఎత్తుకోబోయారు. రాజు చెయ్యెత్తి ఆపేశాడు. ఆ రోజుకే కాదు, ఆ తరువాత కూడా ఆయన కొలువులో హాయిగా దగ్గుకోవచ్చని చెప్పుకునేవారు. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి దేచన మెడలో వేశాడు.

"ఇది నిచ్చెన తీసినందుకు," అన్నాడు.

"మరి తిరిగి వేసినందుకో ప్రభూ?"

"ఇంకో హారం కావాలా?"

"వద్దు. వంతెన దిగాక గట్టు మీదికి దారి లేదు. బండ్లు ఎక్కవు."

రాజుకు మళ్లీ నవ్వాగలేదు. "దారీ వేయిస్తాను. కానీ వచ్చే ఏరువాకకు నువ్వు కూడా నాతోపాటు మంచె ఎక్కి కూర్చోవాలి," అన్నాడు.