నూకాలుకి నువ్వులు పడవు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనకవీధిలో గవరయ్య కుటుంబం ఉండేది. గవరయ్య, అతని భార్య నూకాలు, తల్లి పైడితల్లి, బావమరిది అప్పలకొండ. ఊళ్ళో అందరికన్నా తామే తెలివైనవాళ్ళమని ఆ నలుగురి నమ్మకం.

"ఎవరు ఏ మాటంటే ఆ మాటే వినాలి. దానికి ఇంకో అర్థం ఉందేమో అని వెతికామా, బుర్ర పాడైపోద్ది" అనేవాడు గవరయ్య.

ఒకసారి పక్కింటివాళ్ళు తిరుపతి వెళ్తూ "మా ఇల్లు కాస్త చూస్తూ ఉండండి" అన్నారు. అంతే. నలుగురూ అరుగు మీద కుర్చీలు వేసుకుని ఆ ఇంటినే చూస్తూ కూర్చున్నారు. దొంగ వచ్చాడు, చూశారు. టీవీ తీసుకెళ్ళాడు, చూశారు. మళ్ళీ వచ్చి గ్రైండరు తీసుకెళ్ళాడు, అదీ చూశారు. పక్కింటివాళ్ళు తిరిగొచ్చి లబోదిబోమంటుంటే గవరయ్య గుండెమీద చెయ్యేసుకుని, "రెప్ప వెయ్యకుండా చూశామండీ, ఒక్కటి కూడా వదల్లేదు" అన్నాడు.

ఇలాంటి ఇంట్లో ఒకనాడు నూకాలు నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి తింది. తిన్న కాసేపటికే ముఖం బూరెలా పొంగింది, పెదవులు వాచాయి, ఊపిరి పట్టేసింది. డాక్టరు సూదిమందు ఇచ్చి, తేరుకున్నాక చెప్పాడు.

"నీకు నువ్వులు పడవమ్మా."

ఇంటికొచ్చారు. పైడితల్లికి ఆ మాట మింగుడు పడలేదు. కోడల్ని పెరట్లో నిలబెట్టి, దోసెడు నువ్వులు తెచ్చి నెత్తిమీద పోసింది. అన్నీ జలజలా పడ్డాయి. ఇంకేముంది, నలుగురూ మళ్ళీ డాక్టరు దగ్గరికి పరిగెత్తారు.

"పడవన్నారు. పడ్డాయండి" అంది పైడితల్లి.

డాక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మా, నువ్వులు తింటే ఈ పిల్ల ప్రాణానికే ప్రమాదం. నోరు కట్టుకోవాలి. బయట తినకూడదు. ఏది తినాలన్నా ముందు అడిగి తినాలి." గవరయ్య చేతిలో మాత్రల అట్ట పెట్టి, "ముఖం ఎర్రబడితే ఆలస్యం చెయ్యకుండా ఈ మాత్ర వెయ్యి" అన్నాడు.

ఆ రోజునుంచీ నూకాలు తువ్వాలుతో నోరు కట్టుకునే తిరిగింది. తినేటప్పుడు విప్పేది, తిన్నాక కట్టేది.

కొన్నాళ్ళకి అప్పలకొండ ఒక కబురు తెచ్చాడు. "బావా, విశాఖపట్నం బీచిరోడ్డులో సిరియా హోటలు పెట్టారంట. వెళ్దామా?"

"బయట తినొద్దన్నాడు కదరా" అన్నాడు గవరయ్య.

నూకాలు తువ్వాలు కిందకి లాగింది. "బయట ఎందుకు తింటాం? లోపల కూర్చునే తిందాం."

ఎంత తెలివి అని ముగ్గురూ మురిసిపోయారు. నలుగురూ బస్సెక్కారు.

హోటలు ముందు గొడుగుల కింద బల్లలు వేసి ఉన్నాయి. సర్వరు ఎదురొచ్చి, "ఇక్కడ కూర్చోండి, సముద్రపు గాలి బాగుంటుంది" అన్నాడు. పైడితల్లి కొంగు బిగించింది. "బయటా? దీన్ని చంపుదామనుకున్నావా బాబూ?" సర్వరు బిత్తరపోయి లోపలి బల్ల చూపించాడు. అందరికీ ఇచ్చినట్టే ముందుగా ఒక పళ్ళెంలో హమ్మస్ అనే పచ్చడి తెచ్చిపెట్టాడు.

హోటలు యజమాని నాసిర్ సిరియావాడు. చదువుకోడానికి విశాఖపట్నం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, తెలుగు చక్కగా మాట్లాడతాడు. నోరు కట్టుకున్న నూకాలుని చూసి పంటినొప్పి అనుకున్నాడు పాపం. దగ్గరికొచ్చి అడిగాడు.

"మీలో ఎవరికైనా ఏదైనా పడదా? ముందే చెప్పండి, అది లేకుండా వండిస్తాను."

"నాకూ మా కోడలికీ పడదు" అంది పైడితల్లి.

"అది కాదమ్మా, తిండి విషయంలో."

"తిండి విషయంలోనే బాబూ, మరీ పడదు. చారులో ఉప్పు వేస్తే ఎందుకేశావంటాది, మానేస్తే ఎందుకు మానేశావంటాది."

"ఆవిడ లేకుండా ఎలా వండిస్తారండీ?" అన్నాడు గవరయ్య. "ఇంట్లో కూడా ఆవిణ్ణి వంటలో ఎప్పుడూ వెయ్యలేదు."

నాసిర్‌కి తల తిరిగింది. అప్పుడు అప్పలకొండ అందుకున్నాడు. "మా అక్కకి నువ్వులు పడవన్నాడండి డాక్టరు. తింటే ముఖం వాచిపోద్ది, ఊపిరాడదు. అయితే మా అత్త పోసి చూసింది, పడ్డాయి."

చివరి మాట నాసిర్‌కి అర్థం కాలేదుగానీ మొదటి మాటకి ముఖం మారిపోయింది. "అమ్మో, ఈ హమ్మస్ శనగలూ నువ్వులముద్దా కలిపి నూరిందే. దీన్ని ఈమెకి దూరంగా పెట్టండి" అని గవరయ్యకి చెప్పి, వంటగదివైపు తిరిగి కేకేశాడు. "ఈ బల్లకి నువ్వులు లేకుండా చెయ్యండి." తానే దగ్గరుండి కోడి కాల్పించడానికి వెళ్ళాడు.

గవరయ్య పళ్ళెం పట్టుకుని బయటికి నడిచాడు. అంతే, చాలాసేపు రాలేదు. కోడి వచ్చింది, అన్నం వచ్చింది, అప్పుడొచ్చాడు.

"పళ్ళెం ఏదండీ?" అన్నాడు నాసిర్.

"దూరంగా పెట్టాను. భీమిలి బస్సులో సీటు మీద పెట్టి, చివరి స్టాపులో దింపమని కండక్టరుకి చెప్పాను. ఈపాటికి రుషికొండ దాటుంటాది."

నూకాలు క్షేమంగా ఉంటే చాలనుకున్నాడు నాసిర్. "మీరు తినండమ్మా. దీంట్లో నువ్వుగింజ కూడా లేదు."

నూకాలు తువ్వాలు విప్పింది. కాల్చిన కోడివైపు వంగి, "నిన్ను తినొచ్చా?" అని అడిగింది. కోడి పలకలేదు. మళ్ళీ అడిగింది. పలకలేదు. పాపం ఆకలితో కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అడక్కుండా తినకూడదన్నాడు డాక్టరు. ఇది జవాబే చెప్పట్లేదు."

గవరయ్య కోడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పిచ్చిదానా, అది సిరియా కోడి. దానికి తెలుగెలా వస్తాది? నాసిర్‌గారూ, మీ భాషలో మీరు అడగండి."

పక్కబల్లలవాళ్ళు తినడం మానేసి చూస్తున్నారు. ఆకలితో కూర్చున్న నూకాలుని చూశాడు నాసిర్. నిట్టూర్చాడు. వంగి, కోడిని అరబ్బీలో మర్యాదగా అడిగాడు. చెవి దగ్గరగా పెట్టి విని, "తినమంటోంది" అన్నాడు.

నూకాలు ఆవురావురుమని తినసాగింది. తింటూ తింటూ పక్కనున్న ఊరబెట్టిన మిరపకాయని కొరికింది. ఇంకేముంది, ముఖం కందగడ్డయింది. కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి, నోరు తెరిచి రొప్పుతోంది.

"ఎర్రబడింది" అని లేచాడు గవరయ్య. జేబులోంచి అట్ట తీశాడు, మాత్ర నొక్కి తీశాడు, గురిచూసి వేశాడు. అది నూకాలు నుదుటికి తగిలి ఎగిరిపోయింది. ఎరుపు తగ్గలేదు. ఇంకోటి వేశాడు, ముక్కుకి తగిలింది. ఏడుస్తూనే అట్టంతా ఖాళీ అయ్యేదాకా వేశాడు.

పైడితల్లి కోడల్ని గుండెలకి హత్తుకుంది. "నాకూ దీనికీ పడదుగానీ బాబూ, ఇది పోతే నేనెవరితో పడకుండా ఉండాలి?" అని భోరుమంది.

నాసిర్ కారు తాళాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏం తిన్నారమ్మా? ఆస్పత్రికి పదండి."

"మిరపకాయ" అంది నూకాలు, నాలుక చాపి. "నీళ్ళు."

పెదవులు వాయలేదు, ఊపిరి బాగానే ఆడుతోంది. నీళ్ళు తాగి పెరుగు తిన్నాక ముఖం మామూలైంది. నాసిర్ అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. పైడితల్లి కొంగుతో కోడలి ముఖం తుడిచి, మిరపకాయ తిన్నందుకు నెత్తిమీద ఒక్కటిచ్చింది.

అప్పుడు చూసుకుంటే అప్పలకొండ లేడు. వంటగదిలో ఉన్నాడు. నువ్వులు లేకుండా చెయ్యండని నాసిర్ అన్న దగ్గర్నుంచి అదే పనిలో ఉన్నాడు. నువ్వుల హల్వా తినేసి లేకుండా చేశాడు, నువ్వులద్దిన రొట్టెలు లేకుండా చేశాడు, నువ్వులముద్ద బానని గరిటెతో అడుగుదాకా గీకి లేకుండా చేశాడు. వంటవాళ్ళు గోడకి ఆనుకుని నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

"అక్కా, ఇంక భయం లేదు" అంటూ తూలుకుంటూ వచ్చి, బల్ల పక్కన బెంచీ మీద వాలి గుర్రు పెట్టాడు.

కాసేపటికి సర్వరు వచ్చి, అలవాటు ప్రకారం అడిగాడు. "మిగిలింది కట్టివ్వమంటారా?"

గవరయ్య బల్ల మీద చూశాడు. పళ్ళాలన్నీ నాకినట్టున్నాయి. బెంచీ వైపు చూశాడు.

"మిగిలింది మా బావమరిదే. కట్టండి. కాళ్ళ దగ్గర కాస్త గట్టిగా చుట్టండి, జారిపోతాయి."

సర్వరు యజమాని వైపు చూశాడు. నాసిర్ లేవకుండానే, "చుట్టి ఇచ్చెయ్, ఇంటికి వెళ్ళనీ" అన్నాడు. అంతే, రొట్టెలు చుట్టే వెండికాగితం చుట్టంతా అయిపోయింది. తల ఒక్కటే పైకి కనిపిస్తోంది. ఆటో ఎక్కిస్తూ సర్వరు నోరు ఊరుకోక, అందరికీ చెప్పేమాట చెప్పాడు. "ఇంటికెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టండి, పాడవదు."

ఇంకేముంది. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోని కూరలు, పాలు, అరలు అన్నీ బయటికి తీశారు. ముగ్గురూ పట్టి అప్పలకొండని లోపలికి మడిచి కూర్చోబెట్టారు. మోకాళ్ళు బయటికొచ్చి తలుపు పడలేదు. అలాగే వదిలేశారు. కాసేపటికి అప్పలకొండకి మెలకువ వచ్చింది.

"బావా, లైటు కళ్ళల్లో పడుతోంది. ఆర్పు."

గవరయ్య ఫ్రిజ్ అంతా తడిమాడు. స్విచ్చి దొరకలేదు. పైడితల్లి వెతికింది, నూకాలు వెతికింది, దొరకలేదు. చివరికి గవరయ్య వసారాలోకెళ్ళి ఇంటి మెయినే ఆపేశాడు. ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని ఆగిపోయింది. ఇల్లంతా చీకటైంది.

"ఇప్పుడెలా ఉందిరా?" అన్నాడు తడుముకుంటూ వచ్చి.

"బాగుంది బావా" అన్నాడు అప్పలకొండ ఫ్రిజ్‌లోంచి. "కాకపోతే కాస్త ఉక్కపోస్తోంది. ఫ్యాను వెయ్యి."